చిన్నాయన రాయి

మా చిన్నాయనకు ఏటా పొత్తికడుపులో నొప్పి వచ్చేది. అది సరిగ్గా దుక్కుల కాలంలోనే వస్తుందని మా బాపు కనిపెట్టాడు. తమ్ముడి నొప్పి వానమొగులు చూసి బయలుదేరుతుందనేవాడు. పదేళ్లు అట్లా గడిచాక కరీంనగర్‌లో ఒక దవాఖాన డాక్టరమ్మ చిన్నాయన మూత్రసంచి కోసి, కోడిగుడ్డంత రాయి తీసింది.

నేనప్పుడు హైదరాబాదులో లా మొదటి సంవత్సరం. అంటే ఇంట్లో అందరికీ వకీలునే. కాలేజీకి మాత్రం ఆ సంగతి తెలియదు.

ఇంటికి పంపే రోజు, సెలవులకు వచ్చిన నేను పక్కనుండగా, చిన్నాయన రాయి అడిగాడు. డాక్టరమ్మది కోస్తా వైపు. "నర్సులకు పాఠం చెప్పడానికి సీసాలో పెట్టానండీ. ఒంట్లోంచి తీశాక మీరు వదిలేసినట్టే కదా" అంది.

"నేనెప్పుడు వదిలేసిన్నమ్మా? మీరే మందు వాసన జూపిచ్చి పండవెట్టిన్రు. ఒళ్లు నాది, నొప్పి నాది, రాయి ఒక్కటి మీదెట్లయితది?" అని నావైపు తిరిగాడు. "చెప్పు బిడ్డా, కానూను ఏమంటది?"

నేను చదివినంత మేరకు కానూను పొలంగట్ల గురించి, పక్కవాడి చేలో రాలిన మామిడికాయ గురించి చాలా అంటుంది. మనిషి లోపల కాసిన దాని గురించి ఏమీ అనదు. ఆ ఏమీ లేకపోవడాన్నే కొంచెం గంభీరంగా వినిపించాను. డాక్టరమ్మ భయపడలేదు, జాలిపడింది. రాయిని కాగితంలో చుట్టి ఇచ్చింది.

ఇంటికి రాగానే చిన్నాయన దాన్ని బాపు అరచేతిలో పెట్టాడు. "సూడన్నా. పని ఎగ్గొట్టే బహానా అన్నవు గదా."

బాపు అటూ ఇటూ తిప్పాడు. "మంచిగుంది. మానేరు వాగుల గిసుంటియి బండెడు దొరుకుతయి."

పదేళ్ల నొప్పి ఒక్క మాటతో ఏటి పాలైంది. చిన్నాయన రెండు పూటలు అన్నం ముట్టలేదు. మూడో పూట తిని, నన్ను వెంటబెట్టుకుని మళ్లీ దవాఖానకు పోయాడు.

"గిది మీదేనమ్మా" అని రాయి బల్ల మీద పెట్టాడు. "సీసల వెట్టి నా పేరు, ఊరు రాసి అంటియ్యిండ్రి. మీ దస్కతు గూడ."

ఆ వారమే అంగడికని బాపును బండెక్కించి, తెచ్చి ఆ సీసా ముందు నిలబెట్టాడు. డాక్టరమ్మ చీటీ చదివి వినిపించింది. బాపు సీసా ఎత్తి వెలుతురుకు పట్టాడు.

"గిది లోపట వెట్టుకొనే దున్నినవా తమ్మీ?"

"నువ్వు తిడ్తుంటే నొప్పి తెలువలే."

తిరుగుదారిలో బండి బాపే తోలాడు, తమ్ముడి కింద గడ్డి రెండింతలు పరిచి. మరుసటేడు దుక్కులకు చిన్నాయన నడుము పట్టేసింది. బాపు ఒక్క మాట అనకుండా రెండో నాగలికి కూలిమనిషిని కుదిర్చాడు.