అపార్ట్‌మెంటంతా ప్రెసిడెంట్లే

మొన్న వేసవి సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అల్వాల్‌లో ఒక అపార్ట్‌మెంటుకు మా కంపెనీ యాప్ చేసిచ్చింది. గేటు తీయాలన్నా, నీళ్లు వదలాలన్నా అందులో అసోసియేషన్ ప్రెసిడెంటుకే అధికారం. మేం అందులో వాడిన జావాస్క్రిప్ట్ లైబ్రరీలో, అంటే బయటివాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్‌లో, లొసుగుంది, కొత్తది వేద్దామని మేనేజరుతో మొత్తుకున్నాను.

"నడుస్తుంది కదన్నా, ఎందుకు గెలుకుతవ్?" అన్నాడు.

ఒక రోజు ఎవడో ఆకతాయి యాప్‌లో తన పేరు మార్చుకునే చోట "అధికారం ఉంది" అన్న ముక్క దూర్చాడు. ఆ లైబ్రరీ దాన్ని అతని ఖాతాలో కాక, ఖాతాలన్నిటికీ మూలమైన మూసలో కలిపేసింది. పిండిలో ఉప్పెక్కువైతే ఇడ్లీలన్నీ ఉప్పనే కదా. అందరూ ప్రెసిడెంట్లయిపోయారు. ఒకాయన నీళ్లు వదిలితే ఇంకొకావిడ కట్టేసింది. గేటు ఉయ్యాలలా ఊగుతుంటే పిల్లలు ఎక్కడానికి వరస కట్టారంటే నమ్మండి. ఒక్కరైనా ఫిర్యాదు చేస్తే ఒట్టు. పదవి తమకే దక్కిందనుకున్నారు.

మర్నాడు అసలు ప్రెసిడెంటు వచ్చి నిలదీస్తే, మేనేజరు నన్ను చూపించి, "ఈయన చూసుకోలే సార్, తీసేస్తం" అన్నాడు.

"తీసేయండి. లైబ్రరీ మార్చొద్దన్నదెవరో చెప్పి మరీ తీసేయండి" అన్నాను. "ముందు సరిచెయ్యన్నా" అంటూ అతను మాట మార్చేశాడు.

లొసుగును ఒక్క పూటలో సరిచేశాను. ఉద్యోగం నిలిచింది. ఆ సాయంత్రమే ఫిర్యాదులు మొదలయ్యాయి: "మా పదవి ఎవరు పీకేశారు?" అందరికీ నన్నే క్షమాపణ చెప్పమన్నాడు మేనేజరు. ముందే హెచ్చరించినవాడు క్షమాపణ ఎందుకు చెప్పాలి? ఇప్పటికీ చెప్పలేదు.