గోల చేసే ఫ్యాను

బెజవాడ ఎండను సైతం పెట్టెలో పెట్టి చల్లార్చగల మొనగాడు అంకమ్మరావు తాత ఒక్కడే. నేత చీరల అంచులకు డిజైన్లు గీసే కంప్యూటరును విడిభాగాలు తెచ్చి తానే బిగించుకున్నాడు. దాని ఫ్యాను హోరుకు, జబ్బుపడి మంచాన ఉన్న భార్య చౌడేశ్వరమ్మ, "అది కంప్యూటరా, పిండిమరా?" అని రోజూ తిట్టేది. ఆయన గవర్నర్‌పేటంతా తిరిగి చప్పుడు చేయని ఫ్యాను కొని, స్క్రూల కింద చీరముక్కలు మడిచిపెట్టి బిగించాడు. ఆమె హాయిగా నిద్రపోయింది. నెల తిరక్కుండానే పోయింది.

పెద్దకర్మ మర్నాడు కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, కొత్త ఫ్యాను ఊడదీసి పాతదే పెట్టాడు. గది మళ్ళీ హోరెత్తింది.

"చల్లగా, చప్పుడు లేకుండా ఉందిగా తాతా! మళ్ళీ ఈ పిండిమరెందుకు?" అన్నాడు నోరు ఊరుకోని మనవడు.

"మీ నానమ్మ మళ్ళీ వచ్చి తిడుతుందేమోనని పెట్టాన్రా. నువ్వు తిట్టమాకు."