గోడ మీద వాన మరకలు

ఆయన మొదటిసారి నా బల్ల దగ్గరికి వచ్చింది మణికట్టు చూపించడానికి. కుడిచేతికి బొటనవేలి మొదలు నుంచి మోచేతి దాకా గోధుమరంగు బ్యాండేజీ చుట్టి ఉంది.

"ఇంగ ఈ మౌసు పట్టుకునేకి అయితాలేదప్పా. నువ్వు ప్రోగ్రాములు రాస్తావంట కదా. దీనికేమన్నా దావ ఉండాదా?" అని అడిగారు.

నేను ఆ కంపెనీలో చేరి అప్పటికి నాలుగు నెలలు. బెంగళూరులో కుందలహళ్ళి గేటు దగ్గర కింద హార్డ్‌వేర్ అంగడి, పైన రెండు అంతస్తుల్లో మేము. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. విదేశాల్లో తయారయ్యే వీడియో గేములకు కావలసిన బొమ్మలు మా దగ్గర గీయించి పంపేవాళ్ళు. ఆట, కథ, అందులోని వీరులు అన్నీ అక్కడివాళ్ళ పని. మాకు వచ్చేవి గోడలు, తలుపులు, రాళ్ళు, చెత్తకుండీలు. పద్నాలుగు మంది ఆర్టిస్టులు రెండు వరసల్లో కూర్చుని రోజంతా అవే గీసేవాళ్ళు. వాళ్ళ మధ్య ప్రోగ్రామర్ని నేనొక్కణ్ణే. నాకు బొమ్మలు గీయడం రాదు. గీసేవాళ్ళ చేతికి పనిముట్లు తయారుచేయడం నా ఉద్యోగం. కదిరి పక్క పల్లె నుంచి వచ్చి, ఇంజనీరింగ్ అయ్యాక ఒక పెద్ద కంపెనీ ఇచ్చిన ఉద్యోగం వదులుకుని, గేముల మీద మోజుతో ఇక్కడ చేరాను. మోజు తీరడానికి నెల పట్టలేదు. ఫైళ్ళ పేర్లు మార్చే టూల్ ఒకటి, బొమ్మల కొలతలు సరిచూసే టూల్ ఒకటి రాసి, ఏం చేయాలో తోచక కూర్చుని ఉన్నాను.

ఆర్టిస్టులందరిలో పెద్దవాడు ఆయన. నలభై అయిదు దాటి ఉంటాయి. మిగతావాళ్ళు పాతికేళ్ళవాళ్ళు. తాతల కాలంలో చిత్తూరు వైపు నుంచి వచ్చి కాడుగోడిలో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. భార్య వైట్‌ఫీల్డ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. ఇరవై ఏళ్ళపాటు ఆయన సినిమా హాళ్ళ ముందు కట్టే పెద్ద పెద్ద బ్యానర్లు గీశారు. కట్టెలతో కట్టిన సారువ మీద నిలబడి, హీరో కంటిపాప ఒక్కటే తన తలకాయంత గీసేవాణ్ణని చెప్పేవారు. ఆ పని ఎలా పోయిందో చెప్పమంటే మాత్రం ఒక్క ముక్కలో తేల్చేసేవారు. "ఫ్లెక్సు వచ్చె. బ్రష్షు పాయె. అంతేనప్పా." రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నాక భార్యే కంప్యూటర్ కోర్సులో చేర్పించిందట. తన పిల్లల వయసువాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకుని, ఇక్కడికి వచ్చారు.

అప్పుడు మా చేతిలో ఉన్నది యుద్ధం ఆట. బాంబులు పడి పాడైన ఒక ఊరు. మాలో ఎవరం చూడని దేశం. వీధి తర్వాత వీధి, వందల గోడలు. ప్రతి గోడ మీదా పాతబడిన గుర్తులు ఉండాలి: వాన మరకలు, నాచు, పెచ్చులూడిన సున్నం. ఒక్కొక్కటీ చేత్తో వేయాలి. ఆయన వేసిన గోడలు ఒక్కసారికే ఒప్పుకునేవాళ్ళు. మిగతావాళ్ళవి రెండు మూడుసార్లు తిరిగొచ్చేవి. అందుకని కష్టమైన గోడలన్నీ ఆయనకే పడేవి. ఆ చేయి అందుకే పాడైంది.

"మరకలు వాటంతట అవే పడేట్ల ఒక టూల్ రాస్తానన్నా. మీరు సూసి, బాగలేనివి సరిచేస్తే సాలు," అన్నాను.

రెండు వారాల్లో మొదటిది తయారుచేసి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని తెర దగ్గరగా వంగి చాలాసేపు చూశారు.

"ఇది వాన కాదప్పా. ఎవురో టీ చల్లినట్ల ఉండాది."

"ఏం తప్పుండాదన్నా?"

"ఏం తప్పని నోటితో యాడ చెప్తును. రా, సూపిస్తా."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనం కాగానే ఇద్దరం ఆయన స్కూటర్ మీద పాత వైట్‌ఫీల్డ్‌కి వెళ్ళేవాళ్ళం. అక్కడ ఇంకా కొన్ని ఎర్ర పెంకుల బంగళాలు ఉండేవి. గోడ ముందు నిలబడి, డాక్టరు వీపు మీద చేయి పెట్టినట్టు, ఆయన అరచేతిని గోడకు ఆనించి మాట్లాడేవారు. కిటికీ కింద మరక నడిమిన మొదలుకాదు, రెండు చివర్లా మొదలవుతుంది, నీళ్ళు అటూ ఇటూ జారి చివర్ల నుంచే కారతాయి కాబట్టి. నేల మీద పడ్డ చినుకు ఎగిరి బురద కొడుతుంది, అది మోకాలి ఎత్తు దాటదు. మూల మీద భుజం ఎత్తున జిడ్డు ఉంటుంది, మనుషులు ఆనుకుని నిలబడతారు కాబట్టి. మేకు ఉన్నచోట తుప్పు కన్నీళ్ళలా దిగుతుంది. నేను నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ణి, ఆఫీసుకు వచ్చి ఒక్కొక్కటీ ప్రోగ్రాములో పెట్టేవాణ్ణి. ఆయన చూసి, "ఇంగా కొంచెం" అనేవారు.

అయిదు నెలలు అలా గడిచాయి. నా ఉద్యోగ జీవితంలో నేను సంతోషంగా పనిచేసింది ఆ అయిదు నెలలే అని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. చివరికి ఒక సాయంత్రం ఒక వీధి మొత్తం తెర మీద పరిచి మీట నొక్కాను. నిమిషం లోపల వీధికి వీధే యాభై ఏళ్ళ వానల్లో తడిసినట్టు అయిపోయింది. ఆయన ఒక గోడ దగ్గర ఆగి, తెర మీదే అరచేయి పెట్టారు.

ఆ నెలాఖరుకి బ్యాండేజీ తీసేశారు.

విదేశీ కంపెనీ నుంచి ఇద్దరు మనుషులు వచ్చింది ఆ తర్వాతే. మా మేనేజర్, గుంటూరు వైపు మనిషి, వాళ్ళకు టూల్ చూపించాలన్నాడు. నేను మాట్లాడాలి, మౌస్ పట్టుకుని చూపించాల్సింది ఆయన. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని వచ్చారు. నేను చెబుతూంటే ఆయన ఒక్కో గోడా తిప్పి చూపించారు. వచ్చినవాళ్ళలో ఒకాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. చాలా బాగుందన్నాడు. ఇలాంటిది తమ దగ్గర కూడా లేదన్నాడు. నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. అప్పుడు అతనే ఇంగ్లీషులో మామూలుగా అడిగాడు, ఇది ఉంటే ఈ ఊరు మొత్తం పూర్తిచేయడానికి ఎంతమంది ఆర్టిస్టులు కావాలని.

ఇంకెవరైనా జవాబు చెప్పొచ్చు. మేనేజర్ పక్కనే ఉన్నాడు. చూసి చెబుతామని నేనైనా అనొచ్చు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఇద్దరు చాలు," అన్నాను. నవ్వుతూ అన్నాను.

ఆయనకు ఇంగ్లీషు మాట్లాడడం సరిగ్గా రాదు గానీ అర్థమవుతుంది. మౌస్ మీద చేయి ఆగింది. తెర మీద తిరుగుతున్న గోడ సగంలో నిలబడిపోయింది. తర్వాత మళ్ళీ తిప్పడం మొదలుపెట్టారు, చివరి గోడ దాకా చూపించారు.

నెల తిరక్కుండానే తీసేసేవాళ్ళ లిస్టు వచ్చింది. పద్నాలుగు మందిలో పన్నెండు మంది. ఉంచుకున్న ఇద్దరూ చిన్నవాళ్ళు, చురుకైనవాళ్ళు. నేను మేనేజర్ గదిలోకి వెళ్ళాను.

"సార్, ఆయన్ని ఉంచండి. ఆ టూల్ సగం ఆయనదే."

"నాకు తెలుసయ్యా. కానీ ఆయన స్లో కదా. ఆయన దగ్గరున్న నాలెడ్జ్ అంతా ఇప్పుడు టూల్‌లోకి వచ్చేసిందని నువ్వే రిపోర్టులో రాశావు."

రాశాను. ఆయనకు పేరు రావాలని రాశాను. ఆ వాక్యాన్ని ఇలా కూడా చదవొచ్చని నాకు తట్టలేదు. మేనేజర్ చెడ్డవాడేం కాదు. నీళ్ళ గ్లాసు నా వైపు జరిపి, "నువ్వు కాకపోతే ఇంకొకడు రాసేవాడు, ఇలాంటిది ఎప్పటికైనా వచ్చేదే," అన్నాడు. నేను తలూపి బయటికి వచ్చాను. రాజీనామా చేయాలన్న ఆలోచన వచ్చిందో లేదో కూడా ఇప్పుడు గుర్తులేదు. వచ్చి ఉంటే గుర్తుండేది.

ఆఖరి రోజు ఆయన తన అన్నం డబ్బా, కళ్ళద్దాల పెట్టె సంచిలో సర్దుకుని నా దగ్గరికి వచ్చారు.

"ఒక ఉపకారం సెయ్యప్పా. ఈ టూలుకు నేను ఏం సేసినానో ఒక కాయితం మింద ఇంగ్లీషులో రాసియ్యి. సుమ్నె, ఊరికే రెండు లైన్లు. ఇంగో తావున ఉద్యోగం అడిగేటప్పుడు సూపిస్తా. నా వయసుకు నేనే చెప్పుకుంటే ఎవురు నమ్ముతారు?"

రాసిస్తానన్నాను. ముందు ఆఫీసులో పైవాళ్ళని ఒక మాట అడుగుదామని వెళ్ళాను. టూల్ గురించి బయట ఎక్కడా రాయకూడదు, నువ్వు సంతకం పెట్టిన ఒప్పందంలో ఉంది చూసుకో, అన్నారు. కాగితం తీసి చూపించారు కూడా. తిరిగి వచ్చేసరికి ఆయన మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు.

"కుదరదంటాండారన్నా. నా ఉద్యోగానికే..."

"సరేప్ప. నీకెందుకు ఇబ్బంది," అని సంచి భుజానికి తగిలించుకుని దిగి వెళ్ళిపోయారు. పేరు లేకుండా, సంతకం లేకుండా రెండు లైన్లు రాసి జేబులో పెట్టినా నన్నెవరూ పట్టుకునేవాళ్ళు కాదు. ఆ సంగతి మెట్లు ఖాళీ అయ్యాక తోచింది. పరిగెత్తితే అందేవారే. నేను పరిగెత్తలేదు.

మిగిలిన ఇద్దరితో ఇంకో ఏడాదిన్నర ఆ ఊరు కట్టాం. వీధులు, గోదాములు, ఒక చర్చి, రైలు స్టేషను. ఖాళీ కుర్చీలను కొన్నాళ్ళకు పైఅంతస్తుకి మార్చారు. నేను టూల్‌ని ఇంకా ఇంకా మెరుగుచేస్తూ పోయాను. ఏది సరిగ్గా లేదో చెప్పేవాళ్ళు లేరు కాబట్టి అంతా సరిగ్గానే ఉందనిపించేది. ఆ తర్వాత ఒక సోమవారం ఉదయం విదేశం నుంచి మెయిల్ వచ్చింది. గేమ్ ఆపేస్తున్నారు. కారణం రాయలేదు. టూల్ కూడా ఇక అక్కర్లేదు, వాళ్ళు వేరేది కొనుక్కున్నారు. మా దగ్గరున్న ఫైళ్ళన్నీ చెరిపేసి, చెరిపేశామని రాసి పంపాలి.

చెరిపింది నేనే. మధ్యాహ్నానికి అయిపోయింది.

ఆ ఆదివారం కాడుగోడి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణం, ఆయనకు తెలియాలని. నిజానికి ఆ ఊరి కోసం నాతోపాటు బాధపడగలిగిన మనిషి భూమ్మీద ఆయనొక్కరే, నాకు తోడు కావలసి వచ్చింది. రైలు స్టేషను వెనక సందులో చిన్న ఇల్లు. అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు, బూట్లు విప్పుతున్నారు. చిక్కిపోయారు. ఏవో నాలుగైదు చోట్ల తిరిగి, ఎక్కడా తీసుకోకపోతే, భార్య మాటసాయంతో ఆసుపత్రి స్టోరులో మందుల పెట్టెలు దించుకునే పనిలో చేరారట. నా మీద కోపం ఉంటుందని సిద్ధపడి వెళ్ళాను. కుర్చీ వేసి, "కాఫీ తాగుతావా?" అన్నారు.

జరిగింది చెప్పాను. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నారు.

"ఐతే ఆ గోడలు ఎవురూ సూసిండల్యా?"

"లేదన్నా."

"ఒక్కరన్నా?"

"ఆట బయటికే రాలేదన్నా."

ఆయన భార్య కాఫీ తెచ్చి పెట్టి, మా ఇద్దరి ముఖాలు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

"నన్ను తీసేసినారని నాకేం బేజారు లేదప్పా. బ్యానర్లప్పుడే అలవాటయిపాయె. అది సినిమా మారితే సున్నం కొట్టి చెరిపేస్తాంటిరి. ఇది అట్ల కాదు, ఉండిపోతాది అనుకుంటి. స్టోరులో పెట్టెలు దించేటప్పుడు అప్పుడప్పుడు తలుచుకుంటాంటి. యాడో దేశంలో పిల్లోళ్ళు ఆడుకుంటా ఉంటారు, నా గోడ సాటున దాంకుంటాంటారు అని."

అంతవరకూ ఆయన దగ్గర ఆ ఒక్కటి మిగిలి ఉంది. దాన్ని కూడా నేనే వెళ్ళి తీసేసి వచ్చాను. చెప్పకుండా ఉంటే సరిపోయేది. ఎవరూ నన్ను చెప్పమనలేదు.

క్షమించమని అడగబోయి, ఏ తప్పుకని మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నాను. ఇప్పుడేం చేస్తున్నావని ఆయనే అడిగారు. ఇంకో గేముల కంపెనీలో చేరుతున్నానని, అదే టూల్స్ పని అని చెప్పాను. "మంచిదప్పా," అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు కోసం వెతికాను. లేదు.

బస్‌స్టాపు దాకా నాతో నడిచి వచ్చారు. మళ్ళీ వస్తానని చెప్పి బస్సెక్కాను, వెళ్ళలేదు. మూడు నాలుగేళ్ళ తర్వాత పాత ఆఫీసు కుర్రవాడొకడు మారతహళ్ళిలో కలిస్తే ఆయన గురించి అడిగాను. ఆ ఇల్లు అమ్మేసి భార్య వాళ్ళ ఊరికి వెళ్ళిపోయారని విన్నానన్నాడు. ఆ ఊరు ఏదో వాడికి తెలియదు. ఫోన్ నంబరు ఉందేమోనని అడిగాను. వాడి దగ్గర పాత నంబరే ఉంది, అది ఎప్పుడో పనిచేయడం మానేసింది.