మా వాళ్ళ కళ్ళు

పోయిన నెల గోదావరిఖనిలో కళ్ళ దవాఖానకు వెళితే, డాక్టరమ్మ నా కళ్ళలోకి లైటు వేసి చాలాసేపు చూసి, "తాతా, మీ ఇంట్ల ఎవరికన్నా గిట్ల చూపు పోయిందా? మీ నాయినకు, అన్నదమ్ములకు?" అని అడిగింది. బీడీల గురించి, షుగరు గురించి అడిగినవాటికి టకటకా జవాబు చెప్పిన నేను, దీనికి మాత్రం తెలియదన్నాను. మీసం సరిగా రాని వయసులో శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ ఈ బొగ్గుగనులకు వచ్చినవాణ్ణి. మా వాళ్ళు ఎలా ముసలివాళ్ళయ్యారో దగ్గరుండి చూసింది లేదు.

నాకొచ్చింది నీటికాసుల జబ్బట. కంటి లోపల ఒత్తిడి పెరిగి, నొప్పీ గిప్పీ లేకుండా పక్కల నుంచి చూపును తినేస్తుందట, రక్తసంబంధంలో ఉంటే మనకూ వచ్చే భయం ఎక్కువట.

ఇంటికొచ్చి మంచం మీద కూర్చుంటే గని రోజులు గుర్తొచ్చాయి. భూమి లోపల టోపీ మీది దీపం ఎటు తిరిగితే అటే వెలుతురు, పక్కనున్న మనిషిని చూడాలన్నా తల మొత్తం తిప్పాల్సిందే. ఆ అలవాటు పైకొచ్చాక కూడా పోక, బజారులోనూ అలాగే తల తిప్పుతుంటే, పక్క క్వార్టరులో ఉండే కమాన్‌పూర్ కాక "తలకాయ గట్ల తిప్పుతవేందిరా, డ్యూటీ ఇంక దిగలేదా?" అని నవ్వేవాడు. అందుకేనేమో, పక్కచూపు ఎప్పుడు తగ్గిందో నాకే తెలియలేదు.

సెలవుకు ఊరెళ్ళినప్పుడు మా నాన్న పక్కనే పెట్టిన నీళ్ళ చెంబును చేత్తో తడుముకోవడం, గుమ్మానికి భుజం తగిలించుకోవడం కూడా అప్పుడే మనసులో మెదిలాయి. పెద్దతనమని అందరూ అనుకున్నాం. నాలుగు రోజులుండి నేను మళ్ళీ షిఫ్టుకు వచ్చేసేవాణ్ణి.

ఆ సాయంత్రం ఊళ్ళో ఉన్న మా అక్కకు ఫోన్ చేశాను. అంతా విని, "నాకూ అంతేరా తమ్ముడూ. పక్కనుంచి ఎవులొచ్చినా తెలీదు. ముసిల్దాన్నయిపోనానని ఊరుకున్నాను" అంది. మర్నాడే మేనకోడలు ఆమెను పట్నం తీసుకెళ్ళి చూపించింది. అదే జబ్బు. పోయింది తిరిగి రాదు గానీ, చుక్కలు మానకుండా వేసుకుంటే ఎదురుచూపు నిలుస్తుందని అక్కడా ఇక్కడా ఒకే మాట చెప్పారు.

ఇప్పుడు రోజూ పొద్దుగూకే వేళ అక్క ఫోన్ చేసి చుక్కలు వేసుకున్నావా అని అడుగుతుంది. ఒకప్పుడు మా క్వార్టర్ల లైనులో ఇలాంటివి ఫోనులో అడగాల్సిన పని ఉండేది కాదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళమైనా ఒకరికి జ్వరమొస్తే నాలుగిళ్ళ నుంచి జావ వచ్చేది. ఆ గని మూతపడింది, పక్క క్వార్టరు కాక చనిపోయాడు, నా భార్యా పోయింది, మిగిలినవాళ్ళు రిటైరై ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. ఒకసారి రమ్మంటుంది అక్క. రైళ్ళు మారి అంతదూరం ఒంటరిగా వెళ్ళే ధైర్యం నాకు లేదు, తనకూ లేదు. ఎదురుగా ఉన్న మనిషి మొహం మా ఇద్దరికీ ఇంకా బాగానే కనిపిస్తుంది. నా ఎదురుగా వచ్చి కూర్చునేవాళ్ళే లేరు.