నేను వెళ్లని మాల్టాలో కార్మెన్ అవ్వ

కాలు పెట్టని ద్వీపంలో దారి తప్పిన మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. ఇప్పుడు నన్ను చూడండి. నార్త్ కరోలినాలో, క్యారీలోని మా ఇంటి సోఫాలో కూర్చునే నేను మధ్యధరా సముద్రంలో మునిగాను.

అమెరికా రాకముందు విజయవాడలో ఒక దినపత్రికలో పదిహేనేళ్లు పనిచేశాను. సాయంత్రం సభకు జనం భారీగా తరలివచ్చారని మధ్యాహ్నమే రాసిపెట్టుకోవడం మా వృత్తిలో తప్పు కాదు, ముందుచూపు. సభ అయ్యాక ఒకటి రెండు మాటలు దిద్దితే సరి. ఈ అలవాటు నాతోపాటే విమానమెక్కి వచ్చింది. కస్టమ్స్ వాళ్లు పట్టుకోలేదు.

ఇక్కడి తెలుగు సంఘం ఉగాది సంచికకు నేనే సంపాదకుణ్ణి. ఆ ఏడు పండగకు నెల ముందు నేనూ మా ఆవిడ సుజాతా మాల్టా వెళ్లొద్దామని టికెట్లు కొన్నాం. సంచిక అంతకన్నా ముందే ప్రెస్‌కు వెళ్లాలి. ఇంకేముంది, ప్రయాణానికి మూడు వారాల ముందే "మాల్టాలో మా మూడు రోజులు" రాసేశాను. తేనెరంగు రాతి మేడల రాజధాని వలెట్టా, పడవల ముక్కులకు కళ్లు గీసుకునే జాలర్ల రేవు, కొండ అంచుల్లో అడవి పూలు, మన కర్రీపఫ్‌కు మేనత్త కూతురిలా ఉండే, బఠానీ ముద్ద కూరిన పస్తీజీ, అన్నీ ఇంటర్నెట్‌లో ఏరుకొచ్చి వండాను. చదివితే బాగానే ఉంది గానీ అందులో మనిషి లేడు. మనిషి కనపడని కథనాన్ని మా పాత న్యూస్ ఎడిటర్ చెత్తబుట్టలోకి విసిరేవాడు. అందుకని ఎమ్‌దీనా అనే కోట ఊళ్లో, ఒక సందులో పస్తీజీ కొట్టు తెరిచి, అందులో కార్మెన్ అనే అవ్వను కూర్చోబెట్టాను. మూడు పిల్లులనిచ్చాను. ఒక బంగారు పన్ను కట్టించాను. ఆవిడ సుజాత ముక్కుపుడక చూసి ముచ్చటపడి, ఒక పస్తీజీ ఎక్కువ పెట్టిందని కూడా రాశాను.

సుజాత చదివి, "నాకు ముక్కు కుట్టించిందెవరు?" అంది.

"వెళ్లేలోగా కుట్టిద్దాంలే" అన్నాను.

సంచిక అచ్చుకు వెళ్లిపోయింది. ఈలోగా సుజాత ఆఫీసులో ప్రాజెక్ట్ రిలీజ్ వెనక్కి జరిగి, సరిగ్గా మా ప్రయాణం మీద వచ్చి పడింది. సెలవు పోయింది, మాల్టా పోయింది, వ్యాసం మాత్రం ఊరంతా పంచారు. చెప్పేయమని సుజాత పోరింది. చెబుదామనే ఉగాది వేడుకకు వెళ్లాను. జనం చుట్టూ మూగి, మాల్టాను కళ్లకు కట్టినట్టు రాశారంటుంటే అందరికీ దండాలు పెట్టి వచ్చేశాను. పదిహేనేళ్లలో నేను రాసిన ఏ వార్తకూ సవరణ వేయాల్సి రాలేదని ఊరంతా చెప్పుకుని తిరిగినవాణ్ణి నేను. ఆ పేరు పోతుందని భయం.

జూన్‌లో మా పక్క ఊరు మోరిస్‌విల్‌లో ఉండే మాధవరెడ్డి మాల్టా వెళ్లాడు. సాఫ్ట్‌వేర్ మనిషి, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు అమలు చేసే రకం. నా వ్యాసం చేతబట్టుకుని, భార్యతోనూ, మోకాళ్ల నొప్పులున్న అత్తగారితోనూ బయల్దేరాడు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి నాకు కూర్చుంటే నిలబడాలనిపించేది, నిలబడితే నడవాలనిపించేది.

ఒకరోజు పొద్దున పదకొండింటికి ఫోన్ మోగింది. అక్కడ సాయంత్రం ఐదు.

"అన్నా, అవ్వ కొట్టు ఏడున్నది? రెండు గంటల సంది తిరుగుతున్నం."

"కోట గుమ్మం దాటగానే ఎడమ సందు" అన్నాను, మా వంటగది గుమ్మం దాటి ఎడమకు తిరుగుతూ.

"చూసినం. ఆడ కొట్టే లేదు. మా అత్తమ్మ మెట్ల మీద కూసున్నది, ఇంక లేవనంటున్నది."

"ఇవాళ సెలవేమో. పిల్లులు కనిపిస్తే..."

"పిల్లులు మస్తున్నయన్నా. అండ్ల అవ్వయి ఏవో ఎట్ల తెలుస్తది?"

ఆ తర్వాత మరో రెండు ఫోన్లు. నేనా కొట్టును ఒకసారి చర్చి వెనక్కి, ఇంకోసారి బావి పక్కకు మార్చాను. మా హాల్లో తివాచీ మీద కాలిబాట పడింది.

సుజాత లాప్‌టాప్ మూసి, "ఏవండీ, ఆ పెద్దావిడ మోకాళ్లు మీ అవ్వను మోస్తున్నాయి. చెప్పేయండి" అంది.

అప్పుడు నిజంగా సిగ్గేసింది. వెంటనే ఫోన్ చేశాను. మాధవరెడ్డి ఎత్తలేదు. పేరు పోతే పోయింది, వాళ్లు తిరిగొచ్చాక అందరి ముందే ఒప్పుకుందామని తీర్మానించుకున్నాను.

ఆ నెలాఖరున పార్కులో, ఇంటికో వంట తెచ్చుకునే పాట్‌లక్. అందరూ ఉన్నారు. పులిహోర పళ్లెం పక్కన పెట్టి లేచాను.

"ఒక మాట చెప్పాలి. ఆ కార్మెన్ అవ్వ..."

"ఆగన్నా, నేను చెప్త" అని మాధవరెడ్డి కూడా లేచాడు. "దొరికింది. బంగారు పన్ను చూసి పట్టిన. నీ పేరు చెప్పంగనే గుర్తుపట్టింది. వదిన ముక్కుపుడక బాగున్నదా అని అడిగింది."

అందరూ చప్పట్లు కొట్టారు. సుజాత ముక్కు తడుముకుంది. మాధవరెడ్డి అత్తగారు మాత్రం ఒకసారి అల్లుణ్ణి, ఒకసారి నన్ను చూసి, మోకాలు రాసుకుంటూ పెరుగన్నం కలుపుకుంది.

నేనేం చేయను చెప్పండి? అవ్వ లేదంటే నాతోపాటు అతనూ బయటపడతాడు. ఇంటిల్లిపాదినీ సందుసందునా తిప్పి వట్టి చేతులతో వచ్చానని పదిమందిలో చెప్పుకోవడం ఎంత నామోషీయో నాకు తెలియదా?

"అవును, ఆవిడకు జ్ఞాపకశక్తి ఎక్కువ" అని కూర్చున్నాను.

మరుసటి ఉగాది సంచికకు మాధవరెడ్డి వ్యాసం పంపాడు. పేరు "కార్మెన్ అవ్వతో ఒక సాయంత్రం". సంపాదకుణ్ణి కదా, దిద్దాల్సింది నేనే. అవ్వ దగ్గర నాలుగు పిల్లులున్నాయని రాశాడు. మూడని దిద్దబోయి, పెన్ను పక్కన పెట్టి, అలాగే అచ్చుకు పంపాను.

కనుక పాఠకులారా, కాలు పెట్టని చోట ఇకమీదట కలం పెట్టనని, కార్మెన్ అవ్వ మూడు పిల్లుల మీద ఒట్టేసి చెబుతున్నాను. నాలుగోది మాధవరెడ్డిది. దాని సంగతి అతనే చూసుకోవాలి.