మామ్మ ప్రశ్నలకు నా అబ్జెక్షన్

భిలాయి ఉక్కు కర్మాగారంలో కొలుములు అప్పుడప్పుడే రాజుకుంటున్న ఆ కాలాన్ని తలుచుకుంటే, నా ఇరవయ్యేళ్ళ ఆకలి ముందు ఆ కొలుములు ఏపాటివి అనిపిస్తుంది. మా మెస్సు రొట్టెతో గోడకు మేకు కొట్టొచ్చు (నేను రెండు కొట్టాను). ఆఫీసులో కార్మికుల మీద జరిగే విచారణలు టైపు చేయడం నా ఉద్యోగం. కార్మికుల తరఫున మాట్లాడే గుమాస్తా ఒకాయన ఉన్నట్టుండి లేచి, "ఐ అబ్జెక్ట్ టు దిస్ లైన్ ఆఫ్ క్వశ్చనింగ్!" అనేవాడు. గదిలో ఫాను కూడా ఆగిపోయేది. అడిగింది చిన్న ప్రశ్నే కదా అని ఒకసారి నేనంటే, "ఆ ప్రశ్నకి కాదు భయ్యా నా అబ్జెక్షన్, అది మనల్ని పట్టుకుపోయే చోటికి!" అన్నాడు. ఆ మాట జేబులో వేసుకున్నాను.

ఒక ఆదివారం మా ఊరి వైపు ఫోర్‌మన్ (అందరికీ కొలిమి బాబాయి) భోజనానికి పిలిచాడు. ఆకు ముందు కూర్చున్నానో లేదో, వాళ్ళమ్మ, అంటే మామ్మ, అందుకుంది.

"ఏ ఊరు బాబూ? ఎవరి తాలూకా, ఎవరింటోడివి? నాన్నేటి చేస్తన్నాడు? అప్పచెల్లెళ్ళెంతమంది?"

ఆ వరస నాకు తెలుసు. తర్వాతది అమ్మ. అమ్మ పోయి ఏడాది కాలేదు. ఆ సంగతి భిలాయిలో ఒక్కరికీ చెప్పలేదు. ఆ ప్రశ్న రాకముందే గుమాస్తాగారి ఇంగ్లీషు ముక్క పొల్లు పోకుండా అప్పజెప్పాను.

"ఏటంటన్నాడ్రా ఈ గుంటడు?"

"ఆ దారంట అడగొద్దంటన్నాడే అమ్మా," అన్నాడు బాబాయి.

మామ్మ నోరు కట్టేసుకుంది. ఆవపెట్టిన అరటికాయ కూర గిన్నె నా ముందు నుంచి మూడుసార్లు ఊరేగింది (ఏడు అని రాయబోయి తగ్గించాను). నా ఆకులో మాత్రం వాలలేదు.

"కుర్రోడికి ఎయ్యవే అమ్మా!"

"ఎయ్యనా అని అడక్కుండా ఎలాగెయ్యడం? అడగొద్దన్నాడు గదేటి!"

నవ్వబోయాను. నవ్వు రాలేదు.

"మా అమ్మ లేదు మామ్మా," అన్నాను.

మామ్మ గిన్నె మొత్తం నా ఆకులో బోర్లించేసింది. ఆ ఇంట్లో అడక్కుండా వడ్డించడం అదే మొదలని బాబాయి తర్వాత చెప్పాడు.

ఇప్పుడు భిలాయి పక్కనే ఉన్న దుర్గ్ స్టేషన్లో ఆంధ్రా బండి దిగినవాళ్ళని పట్టుకుని, "ఎవరి తాలూకా బాబూ?" అని నేనే మొదలెడుతుంటాను. అప్పచెల్లెళ్ళ దాకా వచ్చి, "భోంచేశావా?" అని దారి మళ్ళిస్తాను. నన్ను మాత్రం అలా అడిగేవాళ్ళు లేరు. ఎవరైనా అడిగితే బాగుణ్ణు. చివరిదాకా అడిగినా నాకు అబ్జెక్షన్ లేదు.