పాలకేంద్రం ముందు పరుగు

మా అమ్మకు షుగరు ముదిరి చిత్తూరు ఆసుపత్రిలో మోకాలి కింద కాలు తీసేశారు. కట్టు మార్చినప్పుడల్లా ఆమె పెట్టిన కేకలు విన్నదాన్ని. అందుకే నాకూ షుగరుందని డాక్టరమ్మ చెప్పిన రోజు ఏడవలేదు, నేరుగా పోయి బూట్లు కొనుక్కున్నాను.

నాకు కోపం ఎక్కువ, పట్టుదల తక్కువ. రోజూ పరిగెత్తుతానని ఒట్టు పెట్టుకుంటే అది మూణ్ణాళ్ల ముచ్చటే. అందుకని పరుగును ఇంటిపనికి ముడేశాను. తెల్లారి ఆవు పాలు పిండి, క్యాను మా బావ చేతికి ఇచ్చేదాన్ని. బావంటే మా ఆయనకు అన్న. రెండిళ్ల పాలూ కేంద్రంలో పోసి వచ్చేది ఆయనే. క్యాను చేయి మారగానే బూట్లు వేసుకోవాల్సిందే, ఇక ఆలోచన లేదు. నాకు ఒళ్లు బద్ధకించినా ఆవు పాలివ్వడం మానదు గదా. అలా నెలల తరబడి పూతలపట్టు రోడ్డు మీద పరిగెత్తాను.

చిక్కేమిటంటే ఆ రోడ్డు పాలకేంద్రం ముందునుంచే పోతుంది. ఊళ్లో మగాళ్లంతా పొద్దున్నే క్యాన్లతో వరుసకట్టేది అక్కడే. "ఏమప్పా, మీ మరదల్ని యెవురు తరుముతా ఉండారు?" అని రోజూ మా బావను ఏడిపించేవాళ్లట.

ఒకరోజు నేను అక్కడికి చేరేసరికి ఆయన వరుస వదిలి అడ్డంగా వచ్చి జుట్టు పట్టుకున్నాడు.

"ఇంటి పరువు రోడ్డున పారబోస్తావా? ఇంగొక అడుగెయ్, కాళ్లు ఇరగ్గొడతా!"

చెంప పగలగొట్టాడు. కింద పడితే డొక్కలో తన్నాడు. ఒక్కడూ కదల్లేదు, వరుసలో తన వంతు పోతుందని. నా మోకాళ్లు చెక్కుకుపోయి రక్తం కారింది. షుగరున్నదాని కాలికి పుండు పడితే ఏమవుతుందో నాకు తెలుసు. అప్పుడు ఆయన నా చీలమండ మీద కాలు పెట్టి తొక్కాడు. చేతికందిన క్యాను ఎత్తి ఆయన మొహాన మోదాను. మూత ఊడి పాలన్నీ ఇద్దరి మీదా పడ్డాయి. ఆయన పెదవి చీలింది, పన్ను విరిగింది, రోడ్డు మీది పాలల్లో రక్తం పాకింది. మళ్లీ ఎత్తాను. ఈసారి మాత్రం నలుగురూ పరిగెత్తుకొచ్చి నన్ను పట్టుకున్నారు. నిజం చెప్తున్నాను, వాళ్లు ఆపకపోతే చంపేసేదాన్నే.

ఇంటికొస్తే మా ఆయన తలెత్తకుండా, "కొన్నాళ్లు మానుకో మే, గొడవ సద్దుమణిగినాంక సూద్దాం" అన్నాడు.

"మీయన్న తొక్కింది నీ కాలు గాదు" అన్నాను.

మర్నాడు చీలమండ వాచి ఉంది. పాలు పిండాను. క్యాను తీసుకోవడానికి ఎవరూ రాలేదు. ఒక్కరోజు ఆగితే ఇక ఎప్పటికీ ఆగిపోతానని భయం పట్టుకుంది. బూట్లు వేసుకుని, క్యాను నేనే మోసుకుపోయి మగాళ్ల వరుసలో నిలబడ్డాను. నా ముందు మా బావ, వాచిన మూతితో. నా వంతుకు పాలు పోసి, పక్కన చీటీ కోసం నిలబడ్డ ఆయన కాళ్ల దగ్గర ఖాళీ క్యాను పెట్టాను.

"ఇంటికి తీస్కపో బావా."

ఏ క్షణాన వెనకనుంచి దెబ్బ పడుతుందోనని వెనక్కి చూసుకుంటూనే, కుంటుకుంటూ పరుగందుకున్నాను. తిరిగొచ్చేసరికి క్యాను మా వాకిట్లో ఉంది.